మూడో క్యాబిన్

ఉప్పుగూడలో తన నెట్ సెంటర్ షట్టర్ సగం దించి, డానియేలు క్యాబిన్లన్నిటినీ నడిపే లినక్స్ సర్వర్ ముందు కూర్చున్నాడు. వీడియోలు ఆడేందుకు బ్రౌజర్‌కు ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం ఎక్కించాలి. మూడో క్యాబిన్‌లో రోజూ కూర్చునే బాబురావు నెలల తరబడి అడిగాడు.

"బొమ్మ కదుల్తలేదన్నా. గదేందో ఎక్కియ్యరాదు."

రేపు, రేపు అంటూ డానియేలు దాటేశాడు. నిన్ననే బాబురావు సమాధిలో మట్టి వేసి వచ్చాడు.

ఎక్కిస్తుండగా ఇన్‌స్టాలర్ ఆగింది. తెరిచి ఉన్న బ్రౌజర్ మూసేయమంది. క్యాబిన్లలో మెషీన్లన్నీ ఎప్పుడో ఆపేశాడు. ఒక్కో కస్టమర్‌కూ ఒక్కో లాగిన్ ఇవ్వడం అతని పద్ధతి, అందుకే ఎవరు వాడుతున్నారో చూశాడు. ఒక్క పేరే ఉంది. బాబురావు.

ఆ లాగిన్‌ను ఆపేశాడు. ప్లగిన్ సాఫీగా ఎక్కింది. గదిలో చడీచప్పుడూ లేదు.

మూడో క్యాబిన్‌లో కుర్చీ కిర్రుమంది.

"ఎక్కిందా, అన్నా?"