ఐదు రెట్టింపులు

"ఈ ఫైనల్ ఇలా ఆడటం అన్యాయం," అన్నారు సీతారామారావు గారు, క్యూ కర్ర కొనకు నీలం సుద్ద రుద్దుతూ.

కెనడాలోని హామిల్టన్ నగరంలో ఉన్న ఆ పూల్ హాల్లో నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. అక్కడి తెలుగు కుటుంబాలు ఏటా జరుపుకొనే అంతర్జాతీయ పోటీ అది. నిబంధన ఒక్కటే: ఆట రోజున ఎవరు ఏ దేశ పౌరులైతే ఆ దేశం జట్టులో ఆడాలి. దాన్ని రాసిందీ ఆయనే. అమెరికా పౌరసత్వంతో వచ్చినవాళ్ళ జట్టు మధ్యాహ్నమే ఓడిపోయి బిర్యానీ దగ్గర స్థిరపడింది. ఇక మిగిలినవి ఇండియా, కెనడా. ఇండియా అంటే ఉద్యోగాలకనీ, పిల్లల దగ్గర ఉండాలనీ వచ్చిన పెద్దలు. కెనడా అంటే ఇక్కడే పుట్టిన పిల్లలు.

కప్పు మూడేళ్ళుగా ఇండియాదే. ఈసారీ గెలిస్తే శాశ్వతంగా దానిదే. ఆ మూడేళ్ళూ చివరి నల్లబంతిని పాకెట్‌లోకి పంపింది సీతారామారావు గారే. గుంటూరులో జీవితమంతా స్టాటిస్టిక్స్ బోధించి రిటైరైన ఆయనకు జాతకాల మీద, ముహూర్తాల మీద, గాలివాటపు గెలుపుల మీద నమ్మకం లేదు.

"ఎవరికి అన్యాయం అంకుల్?" అన్నాడు ప్రజ్వల్. వరంగల్ మనిషి, టొరంటోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కప్పు పెట్టుకోవడానికి రిచ్‌మండ్ హిల్‌లోని తన ఇంట్లో షెల్ఫు అప్పుడే ఖాళీ చేయించాడు.

"కెనడాకి. బుట్టలో ఏరిన పెద్ద మామిడిపండూ, లారీ లోడులో ఏరిన పెద్ద మామిడిపండూ ఒకటేనా? నూట నలభై కోట్లలో ఐదుగురు మీరు. నాలుగు కోట్లలో ఐదుగురు వాళ్ళు."

"మనల్ని ఎవరు ఏరిండ్రు అంకుల్! వాట్సాప్ గ్రూపుల ముందుగాల చెయ్యి లేపినోళ్ళం మనం. మా ఊళ్ళ పూల్ టేబుల్ ఎవరన్న చూసిండ్రా? ఒక్క క్యారమ్ బోర్డుకు పదిమందిమి కొట్టుకునేటోళ్ళం."

"ఇక్కడ మాత్రం? సగంమంది హాకీ కర్ర వదలరు. మినహాయింపులు మొదలుపెడితే అంతుండదు బాబూ. ఇద్దరూ ఒప్పుకునేలా లెక్కపెట్టగలిగింది జనాభా ఒక్కటే."

"తాతా, వుయ్ డోంట్ నీడ్ చారిటీ!" అని అవతలి గోడవార నుంచి కేకేసింది ఇషిత. ఆయన మనవరాలు, కెనడా కెప్టెన్.

"దానం కాదమ్మా, లెక్క."

"చారిటీ సంగతి తర్వాత చెల్లె, నీకు అయిదో మనిషే లేడు గదా!" అని ప్రజ్వల్ ఎగతాళి చేశాడు. వాళ్ళ ఐదో ఆటగాడు శ్రీహర్ష చదువుకోసం దూరాన ఉన్న రెజైనా నగరానికి వెళ్ళిపోయాడు. ఇషిత పక్కన స్టూలు ఖాళీగా ఉంది.

"వుయ్ విల్ ఫైండ్ సమ్‌వన్, అన్నా."

ప్రజ్వల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "సరే అంకుల్, చెప్పండి మీ లెక్క."

"జనాభా రెట్టింపైన ప్రతిసారీ చిన్న దేశానికి ఒక ఆట ముందుగానే ఇవ్వాలి. నాలుగు కోట్లు. ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు, నూట ఇరవై ఎనిమిది. ఐదు రెట్టింపులు. ఐదు ఆటలు."

హాలు గొల్లుమంది. తొమ్మిది ఆటలు ముందు గెలిచినవారిదే కప్పు. అంటే కెనడాకు ఇక నాలుగు చాలు.

"ఐదు చాలా ఎక్కువ కదా సార్," అన్నాడు వికాస్ భయంభయంగా. ఇండియా జట్టులో అదనపు ఆటగాడతను. మూడేళ్ళుగా ఒక్క బంతి కొట్టకుండా అందరి చలికోట్లకూ కాపలా కాశాడు. ఈసారి సీతారామారావు గారు ఫోన్ చేసి మరీ చెప్పడంతో సొంత క్యూ తెచ్చుకున్నాడు.

ఇంతలో ఆయన భార్య సూర్యకుమారి మైసూర్‌పాక్ డబ్బా పట్టుకొచ్చింది.

"ఏంది ఆంటీ విశేషం? ఇంక గెలవనే లేదు!"

"ముందు తిను నాయనా. విశేషం మీ అంకుల్ చెబుతారులే."

ప్రజ్వల్ రెండు ముక్కలు నోట్లో వేసుకున్నాడు. "అంకుల్ కోటూ టై ఏసుకొచ్చినప్పుడే సమజయింది. కప్పుతోని ఫొటో దిగుతందుకే!"

"పొద్దున ఒక పనిమీద వెళ్ళానయ్యా. మార్చుకోవడానికి తీరిక చిక్కలేదు. ఇంతకీ లెక్క ఒప్పుకున్నట్టేనా?"

ప్రజ్వల్ తన జట్టు వైపు తిరిగాడు. అందరి నోళ్ళలోనూ మైసూర్‌పాక్. అందరి కళ్ళలోనూ ధీమా.

"ఐదేంది, ఆరు ఇద్దాం! సీతారామారావు అంకుల్ ఆడుతుంటే మనకేం భయం? ఆయన్ని చూస్తే నల్లబంతి తనంతట తనే పోయి పాకెట్ల పడతది!"

"ఐదే న్యాయం," అన్నారాయన గంభీరంగా. "ఒక్కటి ఎక్కువైనా పుచ్చుకోను. ఆట మధ్యలో మాట మార్చకూడదు మరి."

"నేనా? మాట అంటే మాటే అంకుల్!"

సీతారామారావు గారు కుడిచెయ్యి చాచారు. ప్రజ్వల్ దాన్ని రెండు చేతులతోనూ పట్టుకుని ఊపాడు. ఈలలు, చప్పట్లు. అంపైర్ శ్యామల నల్లబల్ల మీద కెనడా ఐదు, ఇండియా సున్నా అని రాసి, జట్లను టేబుల్ దగ్గరికి పిలిచింది.

"వికాస్, క్యూ బయటికి తియ్యి," అన్నారు సీతారామారావు గారు ఆప్యాయంగా.

ఆ మాట అని, నేరుగా హాలు దాటి వెళ్ళి, ఆ ఉదయం కెనడా పౌరసత్వ ప్రమాణానికి ఎత్తిన ఆ కుడిచేత్తోనే మనవరాలి పక్కనున్న ఐదో స్టూలు లాక్కుని కూర్చున్నారు.