మ్యాపు చూపిన దావ

మొదటి వేటు భుజం మీద పడింది. రెండోది పొట్టలో దిగింది.

కోడుమూరు దాటి ఆరు కిలోమీటర్లు. పట్టపగలు. నరసింహ మోటారు సైకిలు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

మూడో వేటు మెడ మీద పడాల్సింది. ఆయన భార్య నాగలక్ష్మమ్మ పిడికెడు దుమ్ము తీసి కొడవలివాడి కళ్లలో కొట్టింది.

అప్పుడే ఒక తెల్ల కారు హారన్ మోగిస్తూ నేరుగా వాళ్ల మీదికే వచ్చింది. కొడవళ్ల మనుషులు ముగ్గురూ పక్కకు దూకారు.

“ఎక్కించమ్మా! తొందరగా!” అంటూ దిగాడు డ్రైవరు.

ముప్పై ఏళ్లుంటాయి. ఎవరో తెలియదు.

ఇద్దరూ కలిసి నరసింహను వెనక సీట్లోకి లాగారు. తలుపు పడేలోపే ఒక రాయి వెనక అద్దాన్ని పగలగొట్టుకుని లోపల పడింది.

కారు దూసుకుపోయింది.

బండల క్వారీ కోసం రెండేళ్లుగా తగాదా నడుస్తోంది. ఇలాంటి రోజు ఒకటి వస్తుందని నాగలక్ష్మమ్మకు తెలుసు. ఇంత తొందరగా వస్తుందనుకోలేదు.

“యా ఊరప్పా నీది?” కొంగుతో మొగుడి పొట్ట అదిమిపట్టి అడిగింది.

“కడపమ్మా. ట్యాక్సీ. మంత్రాలయంలో బాడుగోళ్లను దించి వాపసు పోతాండా.”

స్టీరింగు పక్కన ఫోను బిగించి ఉంది. అందులో మ్యాపు. కర్నూలు ఆసుపత్రి దాకా నీలం గీత. ముందు ఒకచోట గీత ఎర్రబడింది.

డ్రైవరు అది చూసి వేగం తగ్గించాడు.

“ఏంటికి నిదానం జేస్తాండావు? సచ్చిపోతాడు!”

“ముందర బండ్లన్నీ నిలబడిపోయినాయమ్మా. ఈడ రైలు గేటేమన్నా ఉండాదా?”

“లేదు.”

“సంత?”

“లేదు.” ఆమె ఎర్రబడిన గీత వైపు చూసింది. “లారీ అడ్డం పెట్టింటారు. ఆళ్ల లారీ.”

అతను ఎడమకు తిప్పాడు. కారు పత్తి చేన్ల మధ్యకు దిగింది.

“యాడికి పోతాండావు? నేను ఈ సీమకు కాపురానికి వొచ్చి నలభై ఏండ్లాయ. ఆ పక్క దావే లేదు!”

“ఉండాదమ్మా. కాలువ గట్టు మీద. కొత్తగా ఏసినట్టుండారు. మ్యాపులో కనపడతాండాది.”

ఫోనులోంచి ఆడగొంతు పలికింది. “రెండు వందల మీటర్లలో కుడివైపుకు తిరగండి.”

వెనక ఆ కొడవళ్ల మనుషుల మోటారు సైకిలు మోత.

నాగలక్ష్మమ్మకు అంతా అర్థమైందనిపించింది.

“నువ్వు ఆళ్ల మనిషివే! మేం యాడుండేది ఆ ఫోన్లో ఆళ్లకు సూపిస్తాండావు!”

సీటు మీద పడిన రాయి తీసి అతని తల మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. చెవి వెనక నుంచి నెత్తురు చొక్కాలోకి కారింది. ఇంకో చేత్తో ఫోను పీకబోయింది.

అతను ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

“కొట్టమ్మా. ఫోన్ మాత్రం ఇడ్సిపెట్టు. అది లేకుంటే నాకు దావ తెల్దు.”

కుడివైపు తిరిగాడు. కాలువ గట్టు. దాని మీద నున్నటి కంకర రోడ్డు.

నలభై ఏళ్లుగా లేని దావ.

మోటారు సైకిలు పక్కకు వచ్చేసింది. వెనక కూర్చున్నవాడు వంగి, డ్రైవరు కిటికీలోంచి కొడవలి దించాడు. ఒకసారి. రెండుసార్లు. డ్రైవరు అరిచాడు. కారు ఒక పక్కకు జరిగి బండిని ఒరుసుకుంది. మోటారు సైకిలు మనుషులతో సహా కాలువలో పడింది.

నాగలక్ష్మమ్మ చేతిలోంచి రాయి జారిపోయింది.

“తగిలిందా నాయనా?”

“గీసుకున్యాదమ్మా, అంతే.” తువ్వాలు తీసి పక్కటెముకల కింద అదుముకున్నాడు.

ఒంటిచేత్తో నడుపుతూనే ఆసుపత్రికి ఫోను కలిపాడు.

“కత్తిపోట్లు సార్. ముప్పై ఒక్క నిమిషాల్లో ఆడుంటాం, మ్యాపు సూపిస్తాండాది. నెత్తురు తయారుగా పెట్టండి.” వెనక్కి తిరిగాడు. “పేరేందమ్మా?”

“నరసింహ. ఎర్రబండ నరసింహ అంటే అందరికీ తెలుసు.”

అతను అద్దంలో వెనక సీటును చూశాడు. ఆ పేరు ఫోనులో చెప్పాడు.

కారు వేగం పెరిగింది.

ముప్పయ్యో నిమిషంలో ఆసుపత్రి ముందు ఆగారు. స్ట్రెచరు మెట్ల దగ్గరే ఉంది. నాగలక్ష్మమ్మ దాని వెంట పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు.

“ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే మేం చేసేదేమీ ఉండేది కాదు” అన్నాడు డాక్టరు, రెండు గంటల తర్వాత. “బతుకుతాడు.”

ఆమె ఆ మాట డ్రైవరుకు చెబుదామని బయటికి వచ్చింది.

మెట్ల దగ్గర జనం గుమిగూడారు. స్తంభానికి ఆనుకుని కూర్చున్న మనిషి నిద్రపోతున్నాడనుకున్నారట. మెట్ల మీదికి నెత్తురు పారాక గానీ ఎవరూ చూడలేదు. అప్పటికే డ్రైవరు ప్రాణం పోయింది.

సాయంత్రానికి కడప నుంచి అతని తల్లి భీమమ్మ వచ్చింది. కొడుకు ముఖం చూసింది. తర్వాత నేరుగా నరసింహ ఉన్న గది దగ్గరికి వచ్చి అద్దాల తలుపు ముందు నిలబడింది.

నాగలక్ష్మమ్మ ఆమె కాళ్ల మీద పడింది.

“నీ బిడ్డను రాయితో కొడితినమ్మా! ఆళ్ల మనిషనుకుంటి. నా సేతులిరగ!”

“లెయ్యమ్మా.” భీమమ్మ కళ్లు పొడిగా ఉన్నాయి. “మెట్ల మీద కూసోని నాకు ఫోన్ జేసినాడు బసవరాజు. ‘ఆయప్ప ఎవురో తెలిసినాంక గూడా దావలో దించెయ్యల్యాకపోతినమ్మా, నా మీద కోపం పెట్టుకోవద్దు’ అన్యాడు. ‘మంచి పని జేసినావు, ఇంటికి రా నాయనా’ అంటి.”

“నీకు కోపం ఏంటికమ్మా?”

భీమమ్మ అద్దంలోంచి నరసింహను చూస్తూనే మెల్లగా చెప్పింది.

“బసవరాజు వాళ్ల నాయన్ను నరికింది ఈయప్పే గదమ్మా.”