ప్రోద్బలం

2013 ఆగస్టు 17, శనివారం. ఆ సాయంత్రం వాళ్లిద్దరూ తిన్నవి వేయించిన పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు, మొక్కజొన్న గారెలు. గారెలు వెంకటనర్సయ్యే వండాడు. రెండు మాడాయి. ఆ రెండూ తన పళ్లెంలో వేసుకున్నాడు.

వెంకటనర్సయ్య వకీలుగా పనిచేసి మానేశాడు. ఫిల్మ్ నగర్‌లో గుట్ట మీద చిన్న ఇల్లు. భార్య శకుంతలమ్మ పోయి మూడేళ్లు. ఎదురుగా కూర్చున్న సుందర్ రాజు సినిమా నటుడు. మునసబు, జడ్జి, పెళ్లికూతురి తండ్రి. నలభై ఏళ్లుగా అన్నీ చిన్న వేషాలే కానీ మాట మాత్రం స్ఫుటం. రహమత్ నగర్‌లో ఒక గది అద్దెకుంది. భార్య తెరెసా పోయాక ఆ గదిలో రేడియో తప్ప పలకరించే గొంతు లేదు.

రెండేళ్లుగా ప్రతి శనివారం ఇదే వరస. నర్సయ్య వంటింట్లోంచి విస్కీ సీసా తెస్తాడు. తనే పోస్తాడు. మూడో గ్లాసుకు రాజు మాట ముద్ద కడుతుంది. లేచి నిలబడితే తూలుతాడు. నర్సయ్య స్కూటర్ తాళం లాక్కుని, ముందుగదిలో పక్క వేస్తాడు.

ఆ రోజు రాజు మొండికేశాడు.

"తాళం ఇలా ఇయ్యవయ్యా. వారం వారం నీకీ బరువెందుకు? జనం ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటరు? ఇద్దరు ముసలోళ్లు పోటీ పడి గురక పెడుతున్నరనుకుంటరు. కూసో."

"నా బండి, నా ప్రాణం. మధ్యలో నీకేంటి?"

"నాకేందా? గీ గుట్ట దిగేటప్పుడు బండి జారితే నువ్వొక్కనివే పోతవా? షేక్‌పేట కాడ ఎదురొచ్చిన పాపానికి ఇంకెవరో పోతరు."

"జైలుకెళ్లేది నేనే కదా."

"నేను సుత వస్త. బండి నడుపుతడని తెల్సి పోసినోడు గూడ నేరం చేసినట్టే. ప్రోద్బలం అంటరు దాన్ని. రేపు జడ్జి ముంగట ఏం జెప్పాలె? దోస్తు సార్, జర ఎక్కువ పోసిన అనాల్నా?"

రాజు పొలమారేలా నవ్వాడు. "చెక్‌పోస్టు దగ్గర పోలీసులు గొట్టం పెడితే ఊదేసి పోతానయ్యా వకీలూ!"

"ఊదుడు తర్వాత. ముందుగాల నోరు తిరుగుతదో లేదో చూద్దాం. ప్రోద్బలం అని మూడుసార్లు తప్పు లేకుండ అను. తాళమిస్త."

అనేశాక నర్సయ్య నాలుక కరుచుకున్నాడు. రెండు పేజీల కోర్టు సీను ఒక్క టేకులో చెప్పే మనిషితోనా తను పందెం కాసింది? తాళం పిడికిట్లో బిగించాడు.

రాజు కుర్చీ పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ప్రోద్బలం."

గంట కొట్టినట్టు పలికాడు.

"ప్రోద్బలం."

నర్సయ్య పిడికిలి వదులైంది. "పొయ్యేటప్పుడు స్వెట్టర్ తొడుక్కో. గాలి ఉన్నది," అన్నాడు, నేల చూస్తూ.

రాజు ముందుగది వైపు చూశాడు. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. మంచినీళ్ల గ్లాసు మీద మూత ఉంది. తన మెడనొప్పి కోసం రెండో దిండు వేసి ఉంది. తలుపు సందులోంచి నర్సయ్య పడకా కనిపిస్తోంది. దాని మీద దిండు లేదు.

రాజు ఊపిరి తీసుకున్నాడు.

"ప్రో... ప్రోల్బదం."

"ఓడినవ్!" నర్సయ్య చిన్నపిల్లాడిలా అరిచాడు.

"ఆగవయ్యా, నాలుక మడతపడింది. మళ్లీ అంటా."

"అప్పీలు లేదు. తీర్పు అయిపోయింది. పా, పండు."

చెయ్యి పట్టుకుని మంచం దాకా తీసుకెళ్లాడు. రాజు రెండుసార్లు తూలాడు. నర్సయ్య రెండుసార్లు పట్టుకున్నాడు.

"పొద్దుగాల ఉప్మా జేస్త. తినే పోవాలె."

"జీడిపప్పు వేస్తేనే."

"ఏస్త తీయ్, మారాజా."

నర్సయ్య తన గదిలోకి వెళ్లి లైటు ఆర్పాడు. కాసేపటికి రాజు లేచాడు. ఏమాత్రం తూలకుండా నడిచి వెళ్లి, రెండేళ్లుగా ఆ సీసాలో చల్లారిన టీ డికాషన్ తప్ప మరేదీ లేదని పోసినవాడికీ తాగినవాడికీ తెలిసిన ఆ ఇంట్లో, చప్పుడు కాకుండా వీధి తలుపు లోపలి నుంచి మూశాడు.