మూడు రేకల నల్ల పువ్వు

ఆ పెద్ద సరస్సులో ముసలి తాబేలు రుచి చూసి చెప్పనిదే ఎవరూ నీళ్లు తాగేవారు కాదు. ఆ అలవాటు ఇప్పుడు లేదు.

ఒక చలికాలం మనుషులు పడవలో వచ్చి, మూడు రేకల నల్ల పువ్వు గుర్తున్న ఇనుప పీపాలను నీటిలో ముంచి వెళ్లిపోయారు. కొన్నాళ్లకు ఆ పక్క నీరు గోరువెచ్చనయింది. తాబేలు నిదానంగా రుచి చూసి, "తియ్యగానే ఉన్నాయి, తాగండి" అంది. చలికి వణుకుతున్న బాతు సంబరపడి, అక్కడి తుంగలోనే ఐదు గుడ్లు పెట్టింది.

నాలుగు మురిగిపోయాయి. ఒక్క పిల్ల దక్కింది. ఆ వారమే చేపలు వెల్లకిలా తేలాయి. బాతు తాబేలు దగ్గరకు ఈదుకుంటూ వచ్చింది.

"తాతా, మరొక్కసారి రుచి చూడవా?"

"పదిసార్లు చూశానమ్మా. చేదు లేదు, వాసన లేదు. అందుకే భయమేస్తోంది."

"లేనిదానికి భయమేమిటి? ముసలాయన నాలుక మొద్దుబారింది!" అని నీటికాకి నవ్వుతూ రెక్కలు విదిల్చింది. ఈకలు కుప్పగా రాలాయి. అది మళ్లీ నవ్వలేదు.

తాబేలు బాతువైపు తిరిగింది. "పిల్లను తీసుకుని కొండ అవతలి కుంటకు వెళ్లిపో. నేనంత దూరం నడవలేను. తాగమన్న ఈ నోటితోనే, వచ్చేవారికి వద్దని చెబుతూ ఇక్కడే ఉంటాను."

బాతు పిల్లను రెక్క కిందికి తీసుకుంది గాని, వెంటనే కదలలేకపోయింది. రోజూ ఉదయం చేసినట్లే తాబేలు పక్కన చేరి, దాని డిప్ప మీది నాచును ముక్కుతో ఏరసాగింది.

"మింగకమ్మా, ఉమ్మివెయ్యి" అంది తాబేలు.

బాతు ఒక్కొక్క పోగూ ఏరి, పిల్లకు దూరంగా ఉమ్మింది.