ఇనప్పెట్టెలో లెన్సు

"తాళం ఇయ్యి నాయనా. ఇయ్యకుంటే ఈ పొద్దు నేను అన్నం ముట్టను," అంది హర్షిణి.

"ముట్టకు. బియ్యం మిగుల్తాయి," అన్నాడు చెన్నకేశవులు. ఆదోని పత్తి మార్కెట్లో బేరాలాడి పండిపోయిన మనిషి, కూతురి బెదిరింపుకు లొంగుతాడా?

ఇనప్పెట్టెకు అడ్డంగా కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నాడు. ఆ పెట్టెలో నగల పక్కన ఒక కెమెరా లెన్సు ఉంది. మార్కెట్లో ఇంకెవరింట్లోనూ లేదని పనిగట్టుకుని సింగపూర్ నుంచి తెప్పించిన ఖరీదైన సరుకు. పట్టుగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, డబ్బాకు దారం కట్టి ఉంది. దీపావళినాడు లక్ష్మీపూజకు డబ్బా బయటికి వస్తుంది. పసుపు కుంకుమ పెట్టించుకుని, హారతి అందుకుని మళ్లీ లోపలికి పోతుంది. అంతే. కెమెరా మొహం చూసిన పాపాన పోలేదు.

హర్షిణికి రేపటికి అది కావాలి. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల సంఘం ఆమెను నమ్మి మొదటిసారి పని అప్పజెప్పింది. పొద్దున్నే పోయి, నేసేవాళ్ల ఫోటోలు తీయాలి. ఈ ఒక్కసారి చెడితే ఇక తనను ఎవరూ పిలవరు.

"నీ కెమెరాకు ఒక లెన్సు ఉండాది గదే!"

"అది ఎండలో పనికొస్తాది. మగ్గం గుంతల్లో చీకటి నాయనా. ఫ్లాష్ కొడితే చీర రంగు సచ్చిపోతాది. దీని నోరు పెద్దది, ఉండే రవంత వెలుతురునూ లాక్కుంటాది."

"దూది ఎగిరే ఊరు ఇది. బయట పెడితే దుమ్ము పట్టదా?"

"దుమ్ము పడితే ఊదుకోవచ్చు. గాలీ వెలుతురూ తగలకుండా మూసిపెడితే లోపల బూజు పడతాది. బూజు అద్దాన్ని తినేస్తాది."

"ఇనప్పెట్టెలో బంగారానికి ఎప్పుడన్నా బూజు పట్టిందా?"

హర్షిణికి ఒళ్లు మండిపోయింది. గోడమీది కేలెండర్‌ను చూపించింది. వాళ్ల షాపు పేరుతో ఈ ఏడు అచ్చేయించినదే. చీకటి గదిలో మగ్గం ముందు ఒక ముసలామె. గవాక్షం నుంచి పడే వెలుగులో పోగులు మెరుస్తున్నాయి, ఆమె మొహంలో ప్రతి ముడతా కనిపిస్తోంది. ఇంటికి వచ్చినవాళ్లకల్లా చెన్నకేశవులు గర్వంగా చూపించే బొమ్మ అది.

"ఇది ఎట్లా వచ్చిందనుకుంటాండావు? ఇట్లాంటి లెన్సుతోనే."

"ప్రెస్సోళ్లు యాడనుంచో తెచ్చినారు. ఎవరో బెంగుళూరోడు తీసుంటాడు. వాడు మొగోడు, ఎన్ని ఊర్లన్నా తిరుగుతాడు. నువ్వు గుంతల్లో దూరి ఫోటోలు తీస్తాంటే మార్కెట్లో నేను తలెత్తుకునేది ఎట్లా?"

"దించుకో. నేను మాత్రం దించను."

తల్లి రాజేశ్వరి మూల కూర్చుని దీపాలకు ఒత్తులు చేసుకుంటోంది. ఆమె ఎప్పుడూ అంతే. ఇంటిపని చూసుకోవడం, బేస్తవారం బేస్తవారం ఎమ్మిగనూరులో అక్క ఇంటికి భజనకు పోయి రావడం. అమ్మ ఒక్క మాట సాయం వస్తే ఏం పోయిందని హర్షిణికి ఆమె మీదా కోపం వచ్చింది. ఆ విసురులో తన పాత లెన్సు తీసి చున్నీతో రుద్దసాగింది.

"ముందు ఊదు, ఆమీద తుడువు. లేకుంటే గీతలు పడతాయి," అంది రాజేశ్వరి తలెత్తకుండా.

"ఇది నీ కళ్లజోడు కాదులేమ్మా," అని విసుక్కుని, హర్షిణి కెమెరా సంచి భుజాన వేసుకుంది. "సరే నాయనా, ఉండేదాంతోనే పోతా. ఫోటోలు నల్లగా వస్తే, మా నాయన లెన్సుకు పూజ చేసుకుంటాడు, అందుకే ఇట్ల వచ్చినాయని సంఘంలో అందరికీ చెప్తా."

ఆ మాట చెన్నకేశవులుకు సూదిలా గుచ్చుకుంది. కుర్చీ తన్నేసి లేచాడు.

"నన్ను నవ్వులపాలు చేస్తావా? దా, నీ కండ్లతోనే చూడు. బూజు లేకుంటే మళ్లా ఆ మాట ఎత్తగూడదు."

"ఉంటే?"

"ఉంటే తీసుకొని యాడికన్నా పో!"

ఇనప్పెట్టె తెరిచాడు. డబ్బా దారం విప్పి, పట్టుగుడ్డ మడతలు ఒక్కొక్కటే తీశాడు. లోపల నల్లగా, నున్నగా ఉన్నది లెన్సు కాదు. వంటింట్లో ఎప్పుడో కనబడకుండా పోయిన, మిరియాలు నూరే కల్వం గుండు.

"దొంగలు! ఇంట్లో దొంగలు పడినారు!" చెన్నకేశవులు గుండును పైకెత్తి చూపించాడు. "ఇన్నాళ్లూ ఈ గుండుకా నేను హారతి ఇచ్చింది? పోలీసులకు ఫోన్ చెయ్యి!"

"అంత అక్కర్లేదు," అంటూ రాజేశ్వరి ఒత్తులు పక్కన పెట్టి లేచింది. పూజగదిలోంచి తన భజన సంచి తెచ్చింది. కంచు తాళాలు తీసి బల్లమీద పెట్టింది. వాటి కింద, హర్షిణి పాతదని మూలకు పడేసిన కెమెరా. దానికి బిగించి ఆ లెన్సు. వాడి వాడి అంచున నల్లరంగు అరిగిపోయింది. అద్దం మాత్రం నీళ్లంత తేటగా ఉంది.

"పండగనాడు డబ్బా తుడవమని నా చేతికే గదా ఇస్తివి. అప్పుడే తీసుకున్నా," అంది.

"నన్ను ఒక్క మాట అడగల్ల కదా!"

"అడిగితే ఇస్తాంటివా?"

"ఇయ్యను."

"అందుకే అడగలే."

చెన్నకేశవులు కాసేపు భార్యనూ, కల్వం గుండునూ మార్చి మార్చి చూశాడు. చివరికి, "మరి భజన?" అన్నాడు.

"అదీ చేస్తా. వెలుతురు తగ్గినాంక."

లెన్సు విప్పి, నోరు తెరుచుకుని నిలబడిన కూతురి చేతిలో పెట్టింది.

"రేపు ఇద్దరమూ పోదాం. ఇది పొద్దున నీది, మధ్యాహ్నం నాది. నేను ప్రెస్సోళ్లకు ఇచ్చిన ఆ కేలెండర్ బొమ్మలో ఉండే ఉరుకుందమ్మ, తన మనవరాలికి గూడా నన్నే అట్లాంటిది తీయమంటాంది."