తగ్గిన నీళ్లు

నారింజ రంగు సముద్రం చేపలు రెండూ తొట్టి అడుగున ఇసుకకి ఆనుకుని గబగబా మొప్పలాడిస్తున్నాయి.

బిందుమాధవి పాపని భర్త తేజేష్ చేతికిచ్చి, చెప్పులైనా విప్పకుండా తొట్టి దగ్గరికి పరుగెత్తింది. పచ్చి బాలింత అలా పరుగెత్తొచ్చా అంటే వినే మనిషా!

పాప నెలలు నిండకుండా పుట్టింది. ఇన్నాళ్లూ ఉప్పల్ ఆసుపత్రిలోనే ఉండిపోయి, ఇవాళే నాచారం ఫ్లాట్‌కి తిరిగొచ్చారు. అన్నాళ్లూ తొట్టిని చూసుకుంది ఎదురింటి సారలమ్మే.

బిందుమాధవి నీళ్లలో ఉప్పు కొలిచింది. సముద్రంలో కూడా అంత ఉప్పుండదు.

తొట్టి నీళ్లు మార్చడానికి ఉప్పు కలిపి పక్కన పెట్టిన నీళ్ల డ్రమ్ము ఖాళీగా ఉంది. మంచినీళ్ల క్యాను మూతైనా తీయలేదు.

ఎండాకాలం తొట్టిలో నీళ్లు ఆవిరైపోతాయి. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. తగ్గినంతా మంచినీళ్లే పోయాలి. సముద్రం చేపలు కదా అని సారలమ్మ రోజూ ఉప్పునీళ్లే పోసింది, పాపం. నొప్పులు పడుతూ తాళం చేతికిచ్చి "నీళ్లు తగ్గితే పోయండి పిన్నీ" అన్న మహాతల్లి, ఏ నీళ్లో చెబితే కదా!

ఆవిడకి చెప్పేద్దామన్నాడు తేజేష్.

"నోరెత్తావంటే ఊరుకోను. ఆ ఎండలో రోజూ ఆసుపత్రికి క్యారేజీ మోసుకొచ్చింది ఎవరు?"

ఆవిడ అన్నమే లేకపోతే తనకి పాలు పడేవా? తల్చుకుంటేనే బిందుమాధవికి కళ్లు నిండుతాయి.

ఉప్పు ఒక్కసారిగా తగ్గిస్తే చేపలు తట్టుకోలేవు. పాప నిద్రపోయినప్పుడల్లా తొట్టిలోంచి ఓ చెంబుడు తీసి, ఓ చెంబుడు మంచినీళ్లు పోస్తూ వచ్చింది.

ఓ పొద్దున చేపలు రెండూ పైకొచ్చి మేత అందుకున్నాయి. బిందుమాధవి ప్రాణం కుదుటపడింది.

సరిగ్గా అప్పుడే వెల్లుల్లి కారం గిన్నెతో సారలమ్మ లోపలికొచ్చింది. చెంబు చూసింది. క్యాను చూసింది.

"మంచినీళ్లు పొయ్యాల్నా బిడ్డా?"

బిందుమాధవికి ఒక్క అబద్ధమూ తోచలేదు. తలూపింది.

సారలమ్మ గిన్నె బల్ల మీద పెట్టి, పాప వైపైనా చూడకుండా గుమ్మం దాకా పోయింది.

"నమ్మి అప్పజెప్పినవు. జరైతే పానం దీస్తుంటి. ఇగ నీ ఇంట్ల ఏదీ ముట్టను."

"పాపకి రేపట్నుంచి స్నానం చేయించమన్నారు డాక్టరుగారు." బిందుమాధవి పాపని ఎత్తుకుని వెనకే వెళ్లింది. "నాకు చేతకాదు పిన్నీ. మీరే చేయించాలి."

సారలమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, వెనక్కొచ్చి, నేల మీద చతికిలబడి కాళ్లు బారజాపింది.

"ఇట్ల పండవెట్టాలె. పాపను ఇటియ్యి, సూపిస్త."

బిందుమాధవి పాపని ఆ కాళ్ల మీద పడుకోబెట్టింది.