ఆదివారం మోత

"ఇల్లు కొనేటప్పుడు చెవులు ఎక్కడ పెట్టి వచ్చారమ్మా?"

నగరసభ హాల్లో వెండెల్ స్ట్రౌడ్ ఆ ప్రశ్న వేయగానే వెనక బల్లల మీదున్న రేసు డ్రైవర్లు పకపకా నవ్వారు. ఎదురుగా నిలబడ్డ శ్రీమతి హాబర్ట్ ముఖం కందగడ్డయింది.

లాస్ ఏంజెలెస్ దక్షిణపు అంచున అమోస్ పిక్రెల్ నడిపే కార్ల రేసు ట్రాక్‌ని ఉంచాలా, మూసెయ్యాలా? ఆ వేళ తేలవలసింది అది. మూసెయ్యమన్నది ట్రాక్ చుట్టూ ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు. ఉంచమని వాదించడానికి అమోస్ తెచ్చుకున్న మనిషి, పాత స్నేహితుడు వెండెల్. అమోస్‌కి ఇంజన్లతో మాట్లాడ్డమే తప్ప మనుషులతో మాట్లాడ్డం రాదు.

"ఆదివారం భోజనానికి కూర్చుంటే కోడి రోస్టు నిండా దుమ్మే. పసివాడు ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు. ఒక్కసారి వచ్చి ఉండి చూడండి, తెలుస్తుంది!" అందావిడ.

"ఇల్లు చూసుకోడానికి ఏ వారం వెళ్ళారు?"

"బుధవారం."

"ఆదివారం వెళ్ళవలసింది."

"అమ్మినవాళ్ళు ఆదివారం చూపించరట. దేవుడి రోజట."

"మరి అంతెత్తు గ్యాలరీలు కళ్ళకి కనబడలేదా?"

ఆవిడ గొంతు తగ్గింది. "గొర్రెల పోటీలకని చెప్పారు. ఏడాదికి ఒక్కసారేనట."

"నిజమే చెప్పారు. గొర్రెలు వచ్చాయిగా! ఇళ్ళు కొనుక్కుని మరీ ఉన్నాయి."

హాలంతా గొల్లుమంది. సభాధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. ఇళ్ళవాళ్ళ వైపు చూశాడు, తర్వాత ఎన్నికలు గుర్తొచ్చినవాడిలా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

వెండెల్‌కి ఈ రకం మనుషులు కొత్త కాదు. అగ్గిపెట్టెల్లాంటి గోడలు తట్టి చూసి "ఎంత గట్టివో" అని మురిసిపోతారు. వంటగది పరదాల రంగు గురించి గంటసేపు తర్జనభర్జన పడతారు. కిటికీ తీసి అవతల ఏముందని అడిగినవాడు ఒక్కడూ ఉండడు.

అమోస్ మొదటి ట్రాక్ పడమటి వైపున, చెక్కలు పరిచి కట్టింది. ఇప్పుడక్కడ హోటలుంది. దాని పోర్టరుకి కూడా ఆ సంగతి తెలీదు. నది పక్కనున్న రెండోదాని మీద బడి లేచింది. మూడోది సినిమా వాళ్ళ గోదాముల కింద పడి ఉంది. ప్రతిచోటా ఒకటే కథ. అమోస్ బీడులో దుమ్ము లేపుతాడు. జనం కోసం నగరం తారురోడ్డు వేస్తుంది. రోడ్డు వెంట కరెంటు, నీళ్ళు, ఆ వెనకే ఇళ్ళు. ఇళ్ళ వెనకే ఫిర్యాదులు. అమోస్ మూటాముల్లె సర్దుకుని ఇంకో బీడు వెతుక్కుంటాడు. అన్నేళ్ళలో అతను నేర్చుకున్నది కార్ల లెక్కే. నేల లెక్క అతని బుర్రకి ఎక్కలేదు.

చేతులెత్తించారు. కార్లకు ఓట్లు లేవు. వచ్చే నెల నుంచి ట్రాక్ మూత.

మెట్ల మీద డ్రైవర్లు టోపీలు నలుపుకుంటూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో వెండెల్ పక్కన అమోస్ కప్పు ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"వాళ్ళని గొర్రెలని అనకుండా ఉండవలసిందేమోరా."

"నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే నేనైనా అనాలి కదా! ఇన్నేళ్ళూ నీ తరఫున అరిచినవాణ్ణి నేనొక్కణ్ణే."

"అది నిజమేలే." అమోస్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఒరేయ్ వెండెల్, ఇంకొక్కటి కట్టే ఓపికుంది నాకు. అంతే. అదీ పోతే ఇక పెరట్లో కోళ్ళని పరుగెత్తించుకోవాలి."

"ఇంకా ఖాళీ బీడు ఎక్కడుందిరా ఈ ఊళ్ళో?"

అమోస్ అటూ ఇటూ చూసి ముందుకు వంగాడు. "ఉత్తరాన, లోయలో. కొండకి ఆనుకుని. అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. ఈసారి భయం లేదు. ఒక పక్క కొండ, మూడు పక్కలా నిమ్మతోట. కనుచూపు మేర ఒక్క గడప లేదు. పోయేదాకా అక్కడే కార్లు తోలుకుంటాను."

"మంచి చోటే చూశావు."

"ఇంట్లో మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఎవరి చెవినా వెయ్యకు."

"నేనా!" అని వెండెల్ అతని భుజం తట్టి కాఫీ తాగించాడు.

వెండెల్ నిజంగానే ఎవరి చెవినా వెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే ఒక్కడే లోయకి వెళ్ళి, ఆ నిమ్మతోటంతా ఎప్పట్లాగే బావమరిది పేరు మీద కొనేసి, ఇళ్ళ స్థలాలకి సున్నం గీతలు గీయించాడు.